ముందు సూదులు లెక్కపెట్టుకో

నరసాపురం,
నవంబరు 9.

బుజ్జితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఎప్పుడూ మోకాళ్ల నొప్పులతో మొదలుపెట్టి పాలవాడి మీద కోపంతో ముగిస్తుంది కదా, నిన్న మాత్రం తిన్నగా నీ సంగతే ఎత్తింది. ఈ క్రిస్మస్‌కి ఎవరికీ ఏమీ కొనవట. అందరికీ నీ చేత్తో చేసినవే ఇస్తావట. పదహారు మంది పేర్లు రాసి ఫ్రిజ్‌కి అంటించావట. పాపకి గౌను, మీ అత్తగారికి లేసు అంచు జాకెట్టు, డల్లాస్‌లో అన్నయ్య పిల్లలిద్దరికీ గుడ్డబొమ్మలు, ఆఫీసులో ఎనిమిది మందికి సంచులు, ఇంకా ఎవరెవరికో ఏవేవో. అది చాలదన్నట్టు డిసెంబరు 1 నుంచి రోజుకో అధ్యాయం చొప్పున లూకా సువార్త చదువుతావట. ఏడాదికి ఇరవై నాలుగు పుస్తకాలని ఎవరితోనో పందెం కాశావట, అందులో ఇంకా అయిదు మిగిలాయట.

ఫోన్ పెట్టేశాక కాసేపు గర్వంగానే ఉంది. మన ఇంట్లో కుట్టుపని నాతో ఆగిపోతుందనే అనుకున్నాను. నా కూతురు, అదే మీ అక్క సంగతి తెలుసుగా, గుండీ ఊడితే చొక్కానే పనిమనిషికి ఇచ్చేసే రకం. నువ్వు చిన్నప్పుడు వేసవి సెలవులకి వచ్చి నా మిషన్ కింద కూర్చుని పీలికలు ఏరుకుంటూ ఉండేదానివి. తొక్కుడు బల్ల ఆడుతుంటే దాని మీద నీ వేళ్లు పెడతావేమోనని నా ప్రాణం పైపైనే ఉండేది. ఆ పిల్ల ఇప్పుడు సొంతంగా మిషన్ కొనుక్కుని ఇంతమందికి కుడతానంటోంది అనుకుంటే బాగుంది. ఆ బాగుండడం ఒక పావుగంట. తర్వాత మళ్లీ నిద్ర పట్టలేదు.

ఫోన్‌లో చెబితే మధ్యలో "సరే పెద్దమ్మా, సరే" అంటావు. అందుకని ఉత్తరం. దీన్ని మధ్యలో ఆపలేవు కదా.

ముందు లెక్క చూద్దాం. ఆఫీసు, వంట, పాప అయ్యాక రాత్రిపూట నీకు గంటన్నర చిక్కుతుందనుకో. 24 రోజులకి 36 గంటలు. అందులోంచి సెమీ క్రిస్మస్‌లు తీసెయ్. మీ ఆఫీసుది ఒకటి, అపార్ట్‌మెంటుది ఒకటి, చర్చిది ఒకటి, మీ అత్తగారి తరఫువాళ్లది ఒకటి. కేరల్స్ వాళ్లు వచ్చే రాత్రి తీసెయ్. పదకొండింటికని చెప్పి ఒంటిగంటన్నరకి వస్తారు, వాళ్లకి టీ పెట్టి కప్పులు కడిగేసరికి తెల్లారుతుంది. స్టార్ కట్టే రోజు, ఇల్లు దులిపే రోజు, అరిసెల రోజు తీసెయ్. పాతిక గంటలు మిగిలితే నీ అదృష్టం. లైనింగ్ జాకెట్టుకి నాకే నాలుగు గంటలు పడుతుంది, నీకు ఎనిమిది. పాప గౌనుకి పది. సంచి ఒక్కోటి గంట చొప్పున ఎనిమిది. ఇరవై ఆరయ్యాయి. గుడ్డబొమ్మల సంగతి నేనింకా ఎత్తనే లేదు, చూశావా?

ఆ పదహారు మందిలో నా పేరు కూడా ఉందట. ఇప్పుడే లేచి వెళ్లి కొట్టేసి రా. నా దగ్గర దిండు గలీబులు పన్నెండు ఉన్నాయి, ఉన్నది ఒక్క తల.

సమూయేలు తల్లి హన్నా గుర్తుందా? ఏటేటా బలికి వెళ్లేటప్పుడు కొడుక్కి చిన్న అంగీ ఒకటి కుట్టి పట్టుకెళ్లేదని రాసి ఉంది. ఏడాదికి ఒకటి. యాజకుడు ఏలీకి ఒకటి, ఆయన కొడుకులిద్దరికీ చెరొకటి, పక్కింటావిడకి సంచి అని రాయలేదు. చర్చిలో కుట్టుపని చేసే ఆడవాళ్లందరికీ దొర్కా పేరే చెబుతారు. నాకు మాత్రం హన్నా అంటేనే ఇష్టం. ఏడాదంతా ఆ కొలత మనసులో పెట్టుకుని ఉంటుంది, ఈపాటికి వాడు ఎంత ఎదిగి ఉంటాడో అని.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. కాటన్ గుడ్డకి కత్తెర పెట్టేముందు రాత్రంతా నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చెయ్. ఎరుపు గుడ్డని విడిగా నానబెట్టు. మిషన్‌కి నూనె వేశాక పాత గుడ్డ మీద రెండు మూర్లు కుట్టి చూడు, లేకపోతే మొదటి సంచికే మరక పడుతుంది. సూది కొత్తది వెయ్, మామూలు కాటన్‌కి 14 నంబరు, జీన్స్ గుడ్డకి 16. బాబిన్లు నాలుగు ముందే చుట్టి పెట్టుకో. పై దారం టెన్షన్ మరీ బిగిస్తే కింద దారం పైకి వచ్చి కనబడుతుంది, కొంచెం వదులు చెయ్. సంచులన్నీ ఒకేరోజు కత్తిరించి, ఒకేరోజు పక్కలు కుట్టి, ఒకేరోజు కాడలు వెయ్. ఒక్కో సంచీ మొదలుపెట్టి చివరిదాకా కుట్టుకుంటూ పోతే జనవరి వస్తుంది. డల్లాస్ పార్శిల్ ఈ నెలలోనే పంపెయ్. పాప గౌనుకి వెల్వెట్ మాత్రం కొనకు, దాని నూగు ఒక వైపుకే పడుకుంటుంది. ముక్కలన్నీ ఒకే దిక్కున పెట్టి కత్తిరించకపోతే గౌను ముందు ఒక రంగు, వెనక ఇంకో రంగుగా కనబడుతుంది.

ఇక సూదుల సంగతి. మీ అమ్మకి కూడా సగమే తెలుసు. మీ అక్కకి తెలిసినా ఎప్పుడూ ఎత్తదు.

1987. మీ అక్కకి ఆరేళ్లు. అప్పటికి నేను ఈ వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడని. ఆ డిసెంబరులో వీధి వాళ్లవి పందొమ్మిది జాకెట్లు ఒప్పుకున్నాను. సండే స్కూలు నాటకానికి దేవదూతల అంగీలు పన్నెండు ఒప్పుకున్నాను, ఊరికే. పాస్టరమ్మగారు అడిగితే కాదంటామా? వీటి మధ్యలో మీ అక్కకి తెల్ల ఆర్గండీ గౌను, మూడు వరసల కుచ్చులతో, లోపల అస్తరు వేసి. షాపులో బొమ్మకి తొడిగిన గౌను చూసి పిల్ల గాజుతలుపుకి ముక్కు ఆనించి నిలబడిపోయింది. అలాంటిదే కుడతానని మాటిచ్చాను. పైగా ఆ ఏడే స్త్రీల సమాజంలో అందరి ముందూ లేచి, 24 రోజుల్లో లూకా సువార్త 24 అధ్యాయాలూ చదువుతానని చెప్పాను. ఎవరైనా ఎంతవరకు వచ్చావమ్మా అని అడిగితే "అయిపోవస్తోంది" అనేదాన్ని. నిజానికి డిసెంబరు 2న రెండో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. మళ్లీ తెరిస్తే ఒట్టు.

ఇరవై నాలుగో తేదీ రాత్రి. జాకెట్లు ఇచ్చేశాను, దేవదూతలు వెళ్లిపోయారు. గౌను అంచు చేతికుట్టు మిగిలింది. తెల్లవారుజామున నాలుగింటికి ఆరాధన. లోపల సిగ్గుగా ఉండి, చదవడం కూడా ఇప్పుడే మొదలుపెడదామని బైబిలు మిషన్ బల్ల మీద తెరిచి పెట్టుకున్నాను. ఒక వచనం, నాలుగు కుట్లు. ఒక వచనం, నాలుగు కుట్లు. ఇంతలో కరెంటు పోయింది. లాంతరు వెలిగించి వచ్చి కూర్చుంటే చేతిలో సూది లేదు.

మీ అక్క ఆ పక్కనే చాప మీద నిద్రపోతోంది.

ఆ తర్వాత మూడు గంటలు ఏం జరిగిందో నాకు ఇప్పటికీ వరసగా చెప్పడం రాదు. పిల్లని ఎత్తి మంచం మీద పడుకోబెట్టాను, చాప దులిపాను, దుప్పటి దులిపాను, నా చీర విప్పి దులిపాను. మీ పెద్దనాన్న నిద్రలేచి, ఒక్క మాట అనకుండా అటక ఎక్కి, పాడైపోయిన రేడియో దింపి దాని స్పీకర్‌లోంచి అయస్కాంతం ఊడదీశారు. లాంతరు పక్కన పెట్టుకుని మోకాళ్ల మీద నేలంతా జానెడు జానెడు దాంతో తుడుచుకుంటూ పోయారు. రెండు పిన్నీసులు, ఒక హుక్కు, ఎప్పటిదో సైకిలు మేకు దొరికాయి. సూది దొరకలేదు. ఇక నా బుర్రలోకి ఒకటే ఆలోచన ఎక్కింది, అది గౌను లోపలే ఉండిపోయింది, అస్తరుకీ ఆర్గండీకీ మధ్య. పిల్ల దాన్ని వేసుకుని కూర్చుంటుంది. బ్లేడు తీసుకుని కుచ్చులు విప్పాను. నడుము కుట్టు విప్పాను. అస్తరు విప్పాను. ఆర్గండీకి ఒకసారి సూది పడితే ఆ చిల్లులు పోవు తెలుసా, విప్పి మళ్లీ అదే చోట కుడితే జల్లెడలా ఉంటుంది. ఆ సంగతి తెలిసి కూడా విప్పాను.

మూడున్నరకి పిల్ల కళ్లు నులుముకుంటూ వచ్చి నిలబడింది. "అమ్మా, నా గౌను ఇంకా ముక్కలుగానే ఉందేం?" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండును.

కిందటేటి నీలం గౌను తీసి మడత విప్పి పొడవు చేశాను. లోపల మడిచిన మేర రంగు వెలవలేదు కదా, కింద బెత్తెడు చార ముదురు నీలంగా కొట్టొచ్చినట్టు కనబడింది. చేతులు మణికట్టుకి నాలుగు వేళ్లు పైకి ఉన్నాయి. దేవదూతలు పన్నెండు మందీ నేను కుట్టిన తెల్లటి అంగీల్లో ముందు వరసలో కూర్చున్నారు. మీ అక్క రెండు చేతులూ ఒళ్లో దాచుకుని నా పక్కన కూర్చుంది.

ఆ ఏడు వాక్యం చదవడం నా వంతు. పేరు పిలిచారు, లేచాను. లూకా సువార్త, రెండో అధ్యాయం. బైబిలు తెరిచాను. పేజీకి గుచ్చి, మూరెడు తెల్లదారంతో, సూది.

కరెంటు పోయినప్పుడు పడిపోకుండా నేనే గుచ్చి మూశానన్నమాట. ఇంట్లో వెతకని చోటు అదొక్కటే. సూదిని వేళ్ల మధ్య పట్టుకునే "పొత్తిగుడ్డలతో చుట్టి" అన్నదాకా ఎలాగో చదివాను, అక్కడ గొంతు పోయింది. భక్తితో అనుకున్నారు అందరూ. మగవాళ్ల వైపు చూస్తే మీ పెద్దనాన్న తలదించుకుని ఉన్నారు, భుజాలు కదులుతున్నాయి. దారం కనబడింది ఆయనకి. నవ్వుతున్నారు. ఆరు నెలలు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు నేను. ఇప్పుడైతే ఆ నవ్వు ఒక్కసారి వినబడితే చాలనిపిస్తుంది, అది వేరే సంగతి.

కాబట్టి చేతిసూదులు అయిదే బయట పెట్టుకో. పని మొదలుపెట్టేముందు అయిదు, లేచేముందు అయిదు. నోట్లో పెట్టుకోకు, జాకెట్టు భుజానికి గుచ్చుకోకు, మంచం మీద కూర్చుని కుట్టకు. మిషన్ సూది విరిగితే రెండో ముక్క దొరికేదాకా పాపని ఆ గదిలోకి రానివ్వకు. నవ్వుతావు నాకు తెలుసు. నవ్వు, కానీ లెక్కపెట్టు.

మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, లేసు అల్లేది. ఈ చుట్టుపక్కల ఊళ్లలో అందరూ అల్లేవాళ్లు. దొరసానుల కాలంలో వచ్చిన పని, మిషనరీలు నేర్పి వెళ్లారు, మనవాళ్లు దాన్ని అరుగుల మీదకి తెచ్చుకున్నారు. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ప్రాంతానిదేనన్న ముద్ర, వచ్చిందని పేపర్లో పడితే ఆ ముక్క కత్తిరించి దాచాను. అమ్మకి ఈ గుర్తింపులేవీ తెలియవు, ఎంత దారం అల్లితే అంత కూలి అనే తెలుసు. ఆవిడ పొద్దుగూకాక కూడా చీకట్లో పూలు అల్లుతూనే ఉండేది, కబుర్లు చెబుతూ, మమ్మల్ని తిడుతూ, వేళ్ల వైపు చూడకుండా. అతుకుపని మాత్రం, అంటే అల్లిన పూలన్నీ కలిపి ఒక గుడ్డగా చెయ్యడం, దీపం పెట్టాక ముట్టుకునేది కాదు. పూలకి వేళ్లు చాలు, అతకడానికి కళ్లు కావాలి అనేది.

నా పిచ్చి మొత్తం 1987లో అదే. కళ్ల పనులు రెండు ఒకేసారి పెట్టుకున్నాను, అదీ రాత్రిపూట. నువ్వు నీ పనుల్ని అలా విడదీసి చూసుకో. కొలతలు, కటింగ్, మెడ తిప్పడం, చేతులు ఎక్కించడం కళ్ల పనులు. శనివారం పొద్దున్న పాపని అల్లుడికి అప్పగించి చెయ్, ఫోను ఇంకో గదిలో పెట్టి. అంచు చేతికుట్టు, హుక్కులు, గుండీలు, బొమ్మల్లో దూది కూరడం వేళ్ల పనులు. అవి రాత్రికి ఉంచుకో. అప్పుడు కావాలంటే ఫోన్‌లో లూకా సువార్త పెట్టుకుని విను. వినడం చదవడం కాదని మీ పాస్టరుగారు అంటే నా దగ్గరికి పంపు. నేనిప్పుడు వినడమే, కళ్లకి శుక్లాల ఆపరేషన్ అయ్యాక మీ అక్కే పెట్టించి ఇచ్చింది. ఆ గొంతు ఎవరిదో గానీ మరీ పెళ్లిపత్రిక చదువుతున్నట్టు ఉంటుంది, అయినా అలవాటైపోయింది.

ఒకరోజు తప్పితే మర్నాడు రెండు అధ్యాయాలు అని లెక్కలు వేసుకోకు. ఆ రోజుది ఆ రోజు చదువు. తప్పినవి జనవరిలో ఉంటాయి, ఎక్కడికీ పోవు. ఆ పందెం పుస్తకాలు అయిదూ అంటావా, ఓడిపో. అరిసెలు లెక్కపెట్టినట్టు పుస్తకాలు లెక్కపెట్టడం ఏమిటే? చదివిన పందొమ్మిదిలో నీకు గుర్తున్నవి ఎన్నో చెప్పు ముందు. ఒక్కటి మాత్రం దగ్గర పెట్టుకో, నీకు బాగా ఇష్టమైనది. పడుకునే ముందు రెండు పేజీలు, మిషన్‌కి దూరంగా. సూదిని బుక్‌మార్కుగా వాడకు, అంతే.

రాత్రి పన్నెండు దాటి కూర్చోకు. నిద్రకళ్లతో కత్తిరిస్తే రెండు చేతులూ ఒకే భుజానికి వస్తాయి, నేను కత్తిరించాను కాబట్టి చెబుతున్నా. లేచేముందు ఇస్త్రీపెట్టె ప్లగ్గు చూడు, స్విచ్చి కాదు, ప్లగ్గు. ఫోటోలో మొన్న నీ కళ్ల కింద నలుపు చూశాను. మీ అమ్మకి చెప్పలేదులే. ఇంతమందికి ఇంత చెయ్యాలని నీకెందుకు అనిపిస్తోందో నాకు తెలుసు. కొత్తగా వెళ్లిన ఇంట్లో, కొత్త ఊళ్లో, మన చేతులు చూసైనా మనల్ని ఇష్టపడతారని ఉంటుంది. నాకూ ఉండేది. ఇష్టపడ్డారు కూడా, అబద్ధం చెప్పను. కానీ మరుసటి డిసెంబరుకి పందొమ్మిది జాకెట్లు ఇరవై ఏడయ్యాయి.

ఆఫీసువాళ్లకి సంచులు మానెయ్. డజను అరిసెలు డబ్బాలో పెట్టి ఇస్తే పండగ చేసుకుంటారు. మీ అత్తగారి జాకెట్టు మాత్రం కుట్టు, అది నువ్వే కుట్టాలి. కాకపోతే ఆవిడ పాత జాకెట్టు ఒకటి ఆది తెచ్చుకుని దాన్ని పెట్టి కత్తిరించు, టేపుతో కొలిచేవు. అత్తగారి ఒళ్లు టేపుతో కొలిచిన కోడలు ఇంతవరకూ బాగుపడలేదు. లేసు అంచు నువ్వు అల్లుకోనక్కర్లేదు. మూడు గజాలు పార్శిల్‌లో పెడుతున్నాను, అమ్మ అల్లింది కాదు గానీ ఆవిడ దగ్గర నేర్చుకున్న ఆవిడ అల్లింది. ఉతికి ఆరేసి కుట్టు, లేసు కూడా కుదించుకుంటుంది. దాంతోపాటు మీ పెద్దనాన్న రేడియో అయస్కాంతం కూడా వస్తుంది. తుప్పు పట్టిందని పారెయ్యకు, ఇప్పటికీ లాగుతుంది.

ఇంకొకటి. పాప గౌను నాకు వదిలెయ్యకూడదూ? నాకు పన్నెండు రోజులు చాలు. మిషన్‌కి బెల్టు కొత్తది వేయించాను, ఊరికే. కాదు నేనే కుడతానంటావా, సరే, కాజాలైనా నాకు పంపు, నీ కాజాలు ఇంకా పిల్లి గీరినట్టే ఉంటాయి. ఏదైనా ముందు పాప చెయ్యి కొలత రాసి పంపు. భుజం ఎముక దగ్గర్నుంచి మణికట్టు దాకా, మోచెయ్యి వంచి పట్టుకోమని కొలు. నాలుగు వేళ్లు ఎక్కువే వెయ్యి.

మీ పెద్దమ్మ